గద్దెల కొట్లాటలో ఒక జీవితం: మొదటి నిజాముల్ ముల్క్

మా న్యాల్‌కల్ వాళ్లకు బీదరు పరాయి ఊరు కాదు. 1956 వరకు న్యాల్‌కల్ సర్కిలు బీదరు తాలూకాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు జహీరాబాదుతో పాటు ఇటు వచ్చి చేరింది. హద్దు మారింది గానీ చుట్టరికాలు మారలేదు, సంతకు పోయే బాట మారలేదు. బీదరు ఖిల్లా చూడనివాళ్లు మా దిక్కు తక్కువ. పోయినవాళ్లు బహమనీల కాలపు కందకాలు, తోపులు, రంగీన్ మహలు పనితనం చూసి వస్తారు. కానీ 1763 సెప్టెంబరులో ఆ ఖిల్లాలోనే దక్కను పాలకుడొకడు ఖైదీగా కన్నుమూశాడన్న సంగతి చాలామందికి తెలియదు. అతని పేరు సలాబత్ జంగ్. అతన్ని ఖైదు చేసింది మరాఠాలు కాదు, ఫిరంగులు కాదు. సొంత తమ్ముడు నిజాం అలీ ఖాన్.

ఈ అన్నదమ్ముల తండ్రే మీర్ ఖమరుద్దీన్ ఖాన్. నిజాముల్ ముల్క్ అనీ, మొదటి ఆసఫ్ జా అనీ చరిత్రకెక్కినవాడు. హైదరాబాదు రాజ్యానికి పునాది వేసినవాడుగా అతని పేరు పరీక్షల కోసం మనమందరం చదివినదే. కానీ అతని జీవితంలో నన్ను ఆలోచింపజేసిన విషయం వేరొకటి. మొగలు గద్దె కోసం జరిగిన కొట్లాటలను అంత దగ్గరగా, అంత కాలం చూసినవాడు మరొకడు ఉండడేమో. ఆ కొట్లాటల మంట తనకు అంటకుండా బతికిన నేర్పరి అతడు. అట్లాంటివాడు తన ఇంటిని మాత్రం అదే మంట నుంచి కాపాడలేకపోయాడు. ఎందుకు?

ముందు మొగలుల పద్ధతి చెప్పుకోవాలి. పెద్దకొడుకుకే రాజ్యమనే నియమం వాళ్లలో లేదు. బాబరు వంశంలో పుట్టిన ప్రతి షహజాదాకూ గద్దె మీద హక్కు ఉన్నట్టే. తండ్రి కళ్లు మూస్తే, ఒక్కొక్కసారి మూయకముందే, అన్నదమ్ములు సైన్యాలతో బయలుదేరేవారు. గెలిచినవాడికి సింహాసనం, ఓడినవాడికి గోరీ. షహజాదాలతో కథ తీరేది కాదు. ప్రతి అమీరూ, ప్రతి మన్సబుదారూ ఎవరో ఒకరి పక్షం ఎంచుకోక తప్పేది కాదు. గెలిచే పక్షంలో ఉంటే జాగీర్లు, బిరుదులు. ఓడే పక్షంలో ఉంటే ఉన్నదీ పోయేది.

ఖమరుద్దీన్ కుటుంబం పైకి వచ్చిందే అట్లాంటి కొట్లాట వల్ల. 1657లో షహజాదా ఔరంగజేబు మా పక్కనున్న ఈ బీదరు ఖిల్లానే ముట్టడించి పట్టుకున్నాడు. లోపల మందుగుండు అంటుకొని కిల్లేదారు సిద్ది మర్జాన్ గాయపడటంతో కోట లొంగిపోయింది. అదే ఏడు సెప్టెంబరులో షాజహాన్ జబ్బుపడ్డాడన్న వార్త దక్కనుకు చేరింది. వెంటనే నలుగురు అన్నదమ్ములూ కత్తులు దూశారు. మధ్య ఆసియా నుంచి వచ్చిన ఖ్వాజా ఆబిద్ అనే పండితుడు ఆ సమయంలో ఔరంగజేబు పక్షాన నిలిచాడు. ఔరంగజేబు గెలిచాడు. ఆబిద్ ఖులీచ్ ఖాన్ అనే పెద్ద అమీరయ్యాడు. ఆయనే మన ఖమరుద్దీన్‌కు తాత. తల్లి వైపు తాత సాదుల్లా ఖాన్ షాజహాన్ దగ్గర వజీరుగా చేసినవాడు. అంటే 1671 ఆగస్టులో పుట్టిన ఈ పిల్లవాడికి దర్బారు రాజకీయం ఉగ్గుపాలతో అబ్బిందనే చెప్పాలి.

1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. సుమారు ఎనిమిది నెలలు సాగిన ఆ ముట్టడిలో ఖులీచ్ ఖాన్‌కు తోపు గుండు తగిలి చెయ్యి పోయింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ కూర్చున్నాడని చెబుతారు. కొద్ది రోజులకే పోయాడు. హిమాయత్ సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఆయన సమాధి ఉంది. అప్పటికి మనవడికి పదిహేనేళ్లు. తండ్రి ఫిరోజ్ జంగ్ కూడా పేరుమోసిన సేనాని. తర్వాత జబ్బు చేసి రెండు కళ్లూ పోయినా ఔరంగజేబు ఆయనను కొలువు నుంచి తీసెయ్యలేదు. కొడుకు కూడా దక్కను యుద్ధాలలోనే ఎదిగాడు. చిన్ ఖులీచ్ ఖాన్ అనే బిరుదు పొందాడు. ఔరంగజేబు చివరి దండయాత్ర అయిన 1705 నాటి వాగిన్‌గెరా ముట్టడిలో పాల్గొన్నాడు. ఆ తర్వాత బిజాపూరు సుబేదారుగా ఉన్నాడు.

1707 మార్చి 3న అహ్మద్‌నగర్ దగ్గర ఔరంగజేబు చనిపోయాడు. అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ల ముసలివాడు. అన్నదమ్ములను తొలగించి గద్దెనెక్కిన ఆ మనిషికి తన కొడుకుల గురించి అదే భయం ఉండేది. రాజ్యాన్ని పంచుకొమ్మని చెప్పే కాగితం ఒకటి ఆయన తలగడ కింద దొరికిందని అంటారు. ఆ కాగితాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ ఏడాది జూన్‌లో ఆగ్రా దగ్గర జాజావులో అన్న మువజ్జం చేతిలో తమ్ముడు ఆజం చనిపోయాడు. మువజ్జం బహదూర్ షా అయ్యాడు. ఇక మిగిలినవాడు చిన్నవాడైన కాంబక్ష్. అతను బిజాపూరులో తానే పాదుషానని ప్రకటించుకొని, హైదరాబాదు వచ్చి కూర్చున్నాడు. అనుమానం వచ్చినవాళ్లనల్లా హింసించాడు. బహదూర్ షా పెద్ద సైన్యంతో దక్షిణానికి దిగాడు. 1709 జనవరిలో హైదరాబాదు పొలిమేరలోనే పోరు జరిగింది. కాంబక్ష్ గాయాలతో పట్టుబడి చనిపోయాడు. ఢిల్లీ గద్దె తగాదా చివరికి మన తెలుగు నేల మీద తెగిందన్నమాట.

ఈ పోరులో ఖమరుద్దీన్ ఏం చేశాడు? ఆజం అతనికి బిరుదులిచ్చి వెంట రమ్మన్నాడు. కొంత దూరం పోయి, ఏదో సాకుతో వెనక్కి మళ్లాడు. కళ్లు లేని తండ్రి ఫిరోజ్ జంగ్ కూడా కదలలేదు. తాత పక్షం కట్టి పైకి వచ్చాడు. మనవడు పక్షం కట్టకుండా నిలవటం నేర్చుకున్నాడు. బహదూర్ షా అతన్ని శిక్షించలేదు. అయోధ్య సుబా ఇచ్చి దక్కను నుంచి దూరంగా పంపాడు. ఆ మర్యాద వెనకున్న అర్థం తెలిసినవాడు గనుక కొంతకాలానికి కొలువు వదిలి, ఢిల్లీలో ఫకీరులాగా ఇంటి పట్టున ఉండిపోయాడు.

1712లో బహదూర్ షా లాహోరులో చనిపోగానే మళ్లీ నలుగురు కొడుకులు. ఈసారి ముగ్గురు చచ్చి, జహాందార్ షా మిగిలాడు. అతను లాల్ కున్వర్ అనే నర్తకి మాటకు కట్టుబడి ఉండేవాడు. ఆమె స్నేహితురాలు జొహ్రా అనే కూరగాయలమ్మి ఏనుగెక్కి ఊరేగుతూ ఒక సందులో ఖమరుద్దీన్‌కు ఎదురైంది. నోరు జారి ఏదో అన్నది. అతని మనుషులు ఆమె నౌకర్లను చితకబాదారని ఒక కథ ఉంది. కూరగాయలమ్మితో వచ్చిన చిన్న తగాదా కథే ఇన్నాళ్లు నిలిచిందంటే, పాత అమీర్ల గుండెల్లో ఎంత మంట ఉండెనో ఊహించుకోవచ్చు. మరుసటి ఏడే, 1713 జనవరిలో, ఫరూఖ్ సియర్ అనే షహజాదా తూర్పు నుంచి వచ్చి ఆగ్రా దగ్గర జహాందార్‌ను ఓడించాడు. ఖమరుద్దీన్ సైన్యంతో అక్కడే ఉండి కూడా పోరులో చెయ్యి పెట్టలేదు. కొత్త పాదుషా అతనికి నిజాముల్ ముల్క్ అనే బిరుదునూ, దక్కనులోని ఆరు సుబాలనూ ఇచ్చాడు.

ఫరూఖ్ సియర్‌ను గద్దెనెక్కించింది అబ్దుల్లా ఖాన్, హుసేన్ అలీ ఖాన్ అనే సయ్యద్ సోదరులు. ఎక్కించినవాళ్లే దించగలరని పాదుషాకు భయం. దించకపోతే తమనే చంపిస్తాడని సోదరులకు భయం. 1715లో హుసేన్ అలీ దక్కను సుబాలు తీసుకొని, నిజాముల్ ముల్క్‌ను పక్కకు నెట్టాడు. ఆరు సుబాలు ఏలినవాడికి మొరాదాబాదు ఫౌజుదారీ దొరికింది. అతను నోరు మెదపలేదు. 1719లో హుసేన్ అలీ మరాఠా సైన్యాన్ని వెంటబెట్టుకొని ఢిల్లీ వచ్చాడు. సోదరులిద్దరూ పాదుషాను అంతఃపురం నుంచి ఈడ్పించి, కళ్లు పొడిపించి, రెండు నెలలకు చంపించారు. ఆ ఒక్క ఏడాదిలో గద్దె మీద ముగ్గురు కొత్త పాదుషాలు కూర్చున్నారు. మొదటి ఇద్దరూ క్షయరోగంతో నెలల్లోనే పోయారు. మూడోవాడు పద్దెనిమిది నిండని మహమ్మద్ షా.

ఇక్కడ మాత్రం నిజాముల్ ముల్క్ తన పాత పద్ధతి మార్చాడు. మాళవా నుంచి ఢిల్లీకి రమ్మని పిలుపు వస్తే, అది చావుకు పిలుపని గ్రహించి దక్షిణానికి మళ్లాడు. 1720లో నర్మద దాటాడు. జీతాలందక విసిగిన సిపాయీలకు సొమ్ము ముట్టజెప్పి అసీర్‌గఢ్ తీసుకున్నాడు. బుర్హాన్‌పూర్ లొంగింది. వెంట వచ్చిన దిలావర్ అలీని, ఔరంగాబాదు నుంచి ఎదురొచ్చిన ఆలం అలీని ఒకరి తర్వాత ఒకరిని ఓడించి చంపాడు. అతని మీదికి బయలుదేరిన హుసేన్ అలీ దారిలోనే హత్యకు గురయ్యాడు. అబ్దుల్లా యుద్ధంలో దొరికిపోయి, చెరలో పోయాడు. పాదుషాలను తయారుచేసిన అన్నదమ్ముల కథ అట్లా ముగిసింది.

1722లో నిజాముల్ ముల్క్ ఢిల్లీ వెళ్లి వజీరయ్యాడు. ఈ ఘట్టాన్ని మనబోటి రైతుబిడ్డలు కొంచెం నిదానంగా చదవాలి. జాగీరు అంటే భూమి మీద యాజమాన్యం కాదు, ఆ ఊళ్ల శిస్తు తీసుకునే హక్కు. మూడు నాలుగేళ్లకు జాగీరుదారు మారేవాడు. గద్దె మారినప్పుడల్లా గెలిచిన పక్షం వాళ్లకు కొత్త జాగీర్లు ఇవ్వాలి. ఇచ్చేందుకు భూమి లేదు, అడిగేవాళ్లు మాత్రం పెరిగారు. కాగితం మీద జాగీరు దొరికినా చేతికి రూపాయి వచ్చేది కాదు. అందుకని శిస్తు వసూలును ఇజారాకు, అంటే గుత్తకు, ఇచ్చేవారు. గుత్తేదారుకు రేపటి పంట మీద ఆశ ఉండదు గనుక ఈ ఏడే రైతును పిండుకునేవాడు. ఢిల్లీలో పాదుషా మారితే ఎక్కడో పల్లెలో ఎడ్లు అమ్ముకునేది ఇందువల్లనే. చరిత్ర పుస్తకాలలో యుద్ధాలకు పేర్లు, తేదీలు ఉన్నాయి. ఆ ఎడ్లకు లేవు.

నిజాముల్ ముల్క్ ఈ రోగాన్ని గుర్తించాడు. ఇజారా ఎత్తెయ్యాలనీ, అనర్హులకిచ్చిన జాగీర్లు వెనక్కి తీసుకోవాలనీ, నజరానాల పేరుతో సాగే లంచాలు ఆగాలనీ పాదుషాకు విన్నవించాడు. జిజియా పన్ను మళ్లీ వెయ్యాలని కూడా అడిగాడు. ఆ చివరి కోరిక చూస్తే, ఔరంగజేబు నాటి నీతికి ఎంతగా అంటిపెట్టుకున్నాడో, మారిన కాలాన్ని ఎంత తక్కువగా అర్థం చేసుకున్నాడో తెలుస్తుంది. మహమ్మద్ షాకు పాట, ఆట కావాలి. పడుచు దర్బారీలు ముసలి వజీరు పాతకాలపు దుస్తులు, నడక చూసి వెనక నవ్వుకునేవారు. రెండేళ్లు కాకముందే విసిగి, వేట నెపంతో 1723 చివర్లో ఢిల్లీ వదిలాడు. మళ్లీ దక్కను దారి పట్టాడు.

దర్బారు వాళ్లు లోపాయికారీగా హైదరాబాదు సుబేదారు ముబారిజ్ ఖాన్‌ను అతని మీదికి ఉసిగొల్పారు. 1724 అక్టోబరు 11న బేరారులోని షక్కర్‌ఖేడ దగ్గర యుద్ధం జరిగింది. ముబారిజ్ ఖాన్ చనిపోయాడు. దాన్నే హైదరాబాదు రాజ్యానికి పుట్టినరోజుగా చరిత్రకారులు లెక్కిస్తారు. 1725లో పాదుషా గత్యంతరం లేక, ఓడిద్దామనుకున్నవాడికే ఆసఫ్ జా అనే బిరుదు పంపాడు. ఇంతా అయ్యి, ఆసఫ్ జా తాను రాజునని ఎన్నడూ ప్రకటించుకోలేదు. ఖుత్బా పాదుషా పేరనే, నాణెం పాదుషా పేరనే. ఆ ఆచారం 1857 తిరుగుబాటు దాకా హైదరాబాదులో నిలిచింది. గద్దె మీద కూర్చోకుండానే రాజ్యం చెయ్యటం అతని విద్య.

అయినా ఢిల్లీ అతన్ని వదల్లేదు. 1728లో పాల్‌ఖేడ్ దగ్గర, 1737 చివర్లో భోపాల్ దగ్గర పీష్వా బాజీరావు చేతికి చిక్కి సంధి చేసుకోవలసి వచ్చింది. 1739లో ఇరాను పాదుషా నాదిర్ షా కర్నాల్ దగ్గర మొగలు సైన్యాన్ని చితగ్గొట్టాడు. నిజాం మధ్యవర్తిగా పోయి యాభై లక్షలకు బేరం కుదిర్చాడు. అంతలో ఖాళీ అయిన మీర్ బక్షీ పదవి తనకు రాలేదనీ, నిజాం వైపు పోయిందనీ అయోధ్య సుబేదారు సాదత్ ఖాన్‌కు కడుపుమండింది. ఢిల్లీ పోతే కోట్లు దొరుకుతాయని నాదిర్ షా చెవిన వేశాడు. తర్వాత జరిగింది లోకానికి తెలుసు. మార్చిలో ఒక్క పూట ఊచకోతలో వేలమంది చనిపోయారు. నెమలి సింహాసనం, కోహినూరు ఇరాను పోయాయి. ఒక పదవి తగాదాకు ఒక మహానగరం ఇచ్చుకున్న మూల్యం అది.

నిజాం ఢిల్లీలో ఉండగా దక్కనులో రెండో కొడుకు నాసిర్ జంగ్ ప్రతినిధిగా పాలించేవాడు. తండ్రి తిరిగి వస్తే అధికారం పోతుందని అతనికి పుల్లవిరిచి చెప్పినవాళ్లున్నారు. 1741 జూలైలో ఔరంగాబాదు దగ్గర డెబ్బై ఏళ్ల తండ్రి, కొడుకు ఎదురెదురుగా సైన్యాలు నిలిపారు. కొడుకు ఓడి పట్టుబడ్డాడు. ముసలాయన అతన్ని చంపలేదు. ఖైదులో పెట్టి, కొంతకాలానికి క్షమించాడు. మొగలుల ఇళ్లలో అరుదైన పని అది. జీవితమంతా ఎవరి గద్దె పోరుకు దూరంగా ఉండాలనుకున్నాడో ఆ పోరు సొంత ఇంట్లోకే వచ్చిందని ఆ రోజున తెలిసి ఉంటుంది.

1748 జూన్ 1న బుర్హాన్‌పూర్ దగ్గర డేరాలో ఆసఫ్ జా చనిపోయాడు. ఔరంగజేబు సమాధి ఉన్న ఖుల్దాబాదులోనే అతన్నీ పాతిపెట్టారు. పోయేముందు నాసిర్ జంగ్‌కు పదిహేడు అంశాల వీలునామా చెప్పాడు. అనవసరంగా మరాఠాలతో తగువు పెట్టుకోవద్దనీ, ప్రాణాలు తియ్యటానికి తొందరపడొద్దనీ, పాదుషాకు విధేయుడుగా ఉండమనీ అందులో ఉంది. మంచి మాటలే. కానీ మాట వేరు, అందరూ ఒప్పుకున్న నియమం వేరు. తలగడ కింది ఔరంగజేబు కాగితానికి పట్టిన గతే దీనికీ పట్టింది.

కూతురి కొడుకు ముజఫర్ జంగ్ వాటాకు లేచి ఫ్రెంచివాళ్ల చెయ్యి పట్టుకున్నాడు. నాసిర్ జంగ్ ఇంగ్లీషువాళ్ల వైపు చూశాడు. 1750 డిసెంబరులో జింజి దగ్గర పఠాను నవాబుల కుట్రకు నాసిర్ జంగ్ బలయ్యాడు. రెండు నెలలకే, 1751 ఫిబ్రవరిలో, రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లెలో ముజఫర్ జంగ్‌ను ఆ నవాబులే చంపారు. ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. గద్దె నాదేనంటూ ఢిల్లీ నుంచి పెద్దన్న గాజీయుద్దీన్ వచ్చాడు. 1752లో ఔరంగాబాదులో విందు భోజనంలో విషంతో పోయాడు. కాపాడినందుకు కూలీగా 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు సర్కార్లు ఫ్రెంచివాళ్ల చేతికి పోయాయి. కొన్నేళ్లకు అవి ఇంగ్లీషువాళ్ల పాలయ్యాయి. కృష్ణా, గోదావరి తీరాల రైతు ఎవరికి శిస్తు కట్టాలో అతన్ని అడిగినవాడు లేడు. చివరికి నిజాం అలీ అన్నను దించి బీదరు ఖిల్లాలో పెట్టాడు. మనం మొదట చెప్పుకున్న మరణం అదే.

మా ఊళ్లో అన్నదమ్ములు వేరుపడేటప్పుడు నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు. ఒడ్లు చూస్తారు, హద్దురాళ్లు పాతుతారు, కాగితం రాస్తారు. ఆ పూట అందరి మొహాలూ ముడుచుకునే ఉంటాయి. కాగితం రాయని ఇంట్లో పాలోళ్ల పంచాయితీ మాత్రం మనవల దాకా నడుస్తుంది. తండ్రి ఎంత మంచివాడైనా, ఎంత కష్టపడి భూమి కూడబెట్టినా, తన తర్వాత ఎట్లా అన్నది బతికుండగానే తెంపకపోతే ఆ కష్టం వకీళ్ల పాలవుతుంది. ఆసఫ్ జా గొప్ప సేనాని, అంతకంటె గొప్ప మంత్రాంగవేత్త. అందరి ఇళ్లలోని రోగాన్ని కనిపెట్టగలిగాడు. పక్కకు తప్పుకోవటం తెలిసినవాడే గానీ, పద్ధతిని మార్చటానికి పూనుకోలేదు. తప్పుకున్నంత కాలం అతను మాత్రమే బతికాడు. పద్ధతి మార్చి ఉంటే కొడుకులు కూడా బతికేవారు.

మన విద్యార్థి సంఘం కూడా ఏటేటా ఒక చేతి నుంచి మరో చేతికి పోతుంది. గోడల మీద రాతలు, కేకలు, అలకలు అన్నీ ఉంటాయి. కానీ ఓడినవాడు మర్నాడు ప్రాక్టికల్సులో మన పక్కనే నిలబడి అదే బ్యూరెట్టు కడుగుతాడు. ఇది చాలా మామూలు సంగతిగా కనిపిస్తుంది. కనుక మిత్రులారా, ఈసారి బీదరు పోయినప్పుడు తోపులు, మహళ్లు చూశాక ఒక్క నిమిషం నిలబడి సలాబత్ జంగ్‌ను తలచుకోండి. ఓడినవాడు ప్రాణంతో ఇంటికి పోగలగటం ఎంత పెద్ద సంపాదనో అక్కడ తెలుస్తుంది.